హాని లేని వెబ్‌సైట్లకు అడ్డుకట్ట: కళాశాల ఫిల్టర్లపై తిరుపతి స్టూడియోలో చర్చ

(చర్చా కార్యక్రమానికి అక్షర రూపం. ఒక కళాశాల ప్రాంగణంలో నెట్‌వర్క్ బాధ్యతలు చూసే ఇంజినీరు, స్త్రీల వైద్య నిపుణురాలు, పదవీ విరమణ చేసిన గ్రంథపాలకులు పాల్గొన్నారు.)

సమన్వయకర్త: నమస్కారం. వైద్యం, పశువైద్యం, సంస్కృతం, ఇంజినీరింగ్, విజ్ఞాన శాస్త్రాలు అన్నీ చదవడానికి విద్యార్థులు వచ్చి చేరే ఊరు తిరుపతి. వారిలో చాలామందికి హాస్టల్ వైఫై, గ్రంథాలయంలోని కంప్యూటరు చదువుకు ఆధారం. ఆ నెట్‌వర్కుల్లో అశ్లీలాన్ని, జూదాన్ని, వైరస్‌లను ఆపడానికి ఫిల్టర్లు పెడతారు. ఆ ఫిల్టరే క్యాన్సర్ గురించి చెప్పే పేజీని, సంకీర్తనల గురించి చెప్పే పేజీని ఆపేస్తే విద్యార్థి ఎవరిని అడగాలన్నది ఈనాటి మన చర్చ. ముందుగా ఇంజినీరు గారిని అడుగుతాను. ఒక వెబ్‌సైటు మంచిదో కాదో ఫిల్టర్ ఎలా తేలుస్తుందండీ?

ఇంజినీరు: ఫిల్టర్ పేజీని చదివి, అర్థం చేసుకుని, ఆ తర్వాత ఆపుతుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువ సందర్భాల్లో అది పేజీని చూడనే చూడదు. ఫిల్టర్ అమ్మే కంపెనీ దగ్గర వెబ్‌సైట్ల పెద్ద చిట్టా ఉంటుంది, అందులో ప్రతి సైటు పక్కన విద్య, వార్తలు, జూదం, అశ్లీలం అంటూ ఒక కేటగిరీ రాసి ఉంటుంది. విద్యార్థి అడిగిన సైటు పేరును మా ఫైర్‌వాల్, అంటే మా నెట్‌వర్కు వాకిట్లో కాపలా కాసే యంత్రం, ఆ చిట్టాతో పోల్చి, మేము మూసి ఉంచిన కేటగిరీలో కనబడితే ఆపేస్తుంది. ఆ చిట్టాను నింపేది చాలామటుకు ప్రోగ్రాములే. పేజీలోని మాటలకు, బొమ్మలకు, లింకులకు మార్కులు వేసి, ఇది ఫలానా రకం అని అవే తీర్పు చెబుతాయి. మనిషి కూర్చుని చూసి నిర్ధారించేది చాలా తక్కువ. తప్పు అక్కడెక్కడో జరుగుతుంది, ఇక్కడ మా ప్రాంగణంలో బయటపడుతుంది.

ఇది కాక, మాటను బట్టి ఆపే పాత పద్ధతి ఒకటి ఇప్పటికీ పోలేదు. 1996లో ఇంగ్లండులోని స్కంథార్ప్ అనే పట్టణవాసులు ఏఓఎల్ అనే ఇంటర్నెట్ సేవలో ఖాతా తెరవబోతే కుదరలేదు. ఆ ఊరి పేరు మధ్యలో ఉన్న నాలుగక్షరాలు ఇంగ్లీషులో బూతు కావడమే అందుకు కారణం. మన దగ్గర దీక్షితులు అనే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూడండి, మధ్యలో మలానికి వాడే మొరటు మాట తేలుతుంది. ఆలయాలున్న ఈ ప్రాంతంలో ఆ పేరు గలవారు ఎందరో ఉన్నారు. పెద్ద చెరువుకు పేరుపడ్డ కంభం ఊరి పేరును ఇంగ్లీషులో రాసే పాత పద్ధతిలో (Cumbum) రాస్తే అలాంటి మాటలు రెండు దొరుకుతాయి. అక్షరాల వరుసను మాత్రమే వెతికే ప్రోగ్రాముకు ఒక మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. ముగింపును గుర్తించేలా దాన్ని దిద్దితే దీక్షితులు గారు బయటపడతారు గానీ, 'క్లర్క్ కమ్ టైపిస్ట్' ఉద్యోగ ప్రకటన అప్పటికీ చిక్కుకుంటుంది, ఎందుకంటే ఇంగ్లీషులో బూతు అర్థం కూడా ఉన్న ఆ 'కమ్' విడిగా నిలబడిన మాటే.

సమన్వయకర్త: డాక్టరు గారూ, శరీర భాగాల పేర్లు చెప్పకుండా వైద్యం చదవడం సాధ్యం కాదు. ఈ ఇబ్బంది మీ దాకా వచ్చిందా?

వైద్యురాలు: వచ్చింది. నర్సింగ్ చదువుతున్న ఒక అమ్మాయి తన ఫోను తెచ్చి చూపించింది. రొమ్మును స్వయంగా పరీక్షించుకునే పద్ధతిని బొమ్మలతో వివరించే పేజీ కోసం నొక్కితే తెర మీద ఒక ఎర్రటి పట్టీ, దాని కింద 'అడల్ట్' అనే కేటగిరీ పేరు, ఆ కింద 'మీ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి' అనే ఒక్క వాక్యం వచ్చాయి. ఆ అడ్మినిస్ట్రేటర్ ఎవరో, ఏ గదిలో ఉంటారో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో ఎక్కడా లేదు. పేజీ తెరుచుకోకపోవడం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ అమ్మాయి భయం. తన రోల్ నంబరుతో వైఫైలోకి వెళ్లింది కాబట్టి, తాను అశ్లీలం చూడబోయినట్టు కళాశాల రికార్డులో పడిపోయిందని ఆమె వణికిపోయింది. అడ్మినిస్ట్రేటర్ గది ఎక్కడో తెలిసి ఉన్నా, ఆ స్థితిలో వెళ్లి అడిగేది కాదు.

ఈ విషయంపై చాలా కాలం కిందటే లెక్కలు తీశారు. అమెరికాలో ఆరోగ్య విధానాలపై పరిశోధన చేసే కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ 2002 డిసెంబరులో ఒక అధ్యయనాన్ని వెలువరించింది. ఫిల్టర్లను అతి తక్కువ కట్టుదిట్టంగా పెట్టినప్పుడు అవి ఆరోగ్య సమాచార సైట్లలో 1.4 శాతాన్ని, అశ్లీల సైట్లలో 87 శాతాన్ని ఆపాయి. అదే పూర్తిగా బిగించినప్పుడు అశ్లీల సైట్ల నిలిపివేత 91 శాతానికి పెరిగితే, ఆరోగ్య సైట్ల నిలిపివేత 24 శాతానికి చేరింది. నాలుగు శాతం అదనపు రక్షణ కోసం దాదాపు పావు వంతు ఆరోగ్య సమాచారాన్ని వదులుకున్నారన్నమాట. ఏ తల్లిదండ్రులైనా ఈ బేరానికి ఒప్పుకుంటారా?

ఇంజినీరు: మేడమ్, ఆ అంకెలు 2002 నాటివి. అప్పటితో పోలిస్తే కేటగిరీల చిట్టాలు ఎంతో మెరుగుపడ్డాయి.

వైద్యురాలు: మెరుగుపడ్డాయనే అనుకుందాం. నేను చెప్పేది ఆ అంకెల గురించి కాదండీ, వాటి పోకడ గురించి. బిగించిన కొద్దీ లాభం తగ్గుతూ, నష్టం పెరుగుతూ పోయింది. 2013లో బ్రిటన్‌లో పెద్ద ఇంటర్నెట్ కంపెనీలు ఇళ్లకు ఇచ్చిన ఫిల్టర్లు కూడా లైంగిక విద్య సైట్లను, గృహహింస బాధితులకు సాయపడే సైట్లను ఆపేసినట్టు బయటపడింది. గృహహింసకు గురవుతున్న స్త్రీ అర్ధరాత్రి సాయం కోసం వెతికితే ఎదురుగా ఎర్ర పట్టీ రావడాన్ని సాంకేతిక లోపం అని సరిపెట్టుకోవడం నా వల్ల కాదు. మీ కళాశాలలో ఫిల్టర్‌ను ఏ స్థాయిలో పెట్టాలో నిర్ణయించేటప్పుడు ఒక డాక్టరునో, ఒక ఉపాధ్యాయురాలినో ఎవరైనా అడుగుతారా?

ఇంజినీరు: అడగరు. ఎందుకు అడగరో కూడా చెప్పాలి. ఒక అశ్లీల సైటు మా ఫిల్టర్ దాటి ఎవరి ఫోన్లోనైనా కనబడితే, తండ్రి ప్రిన్సిపాలుకు ఫోన్ చేస్తారు, ప్రిన్సిపాలు నన్ను పిలుస్తారు. వంద మంచి సైట్లు ఆగిపోతే ఎవరూ ఫోన్ చేయరు. మొదటి తప్పుకు సంజాయిషీ ఉంది, రెండో తప్పుకు లెక్క కూడా లేదు. అందువల్ల నా వృత్తిలో ఉన్నవారు సందేహం వచ్చిన ప్రతిచోటా మూయడానికే మొగ్గుతారు. చిట్టాలో ఇంకా కేటగిరీ పడని కొత్త సైట్లను మొత్తంగా మూసి ఉంచడం చాలాచోట్ల అలవాటు, ఎందుకంటే మోసగాళ్లు వాడేవి తరచుగా నిన్నా మొన్నా నమోదైన డొమైన్లే, అంటే సైటు పేర్లే. ఆ భయం నిజమైనదే. అయితే ఊళ్లోని రైతు సంఘమో, బడి పిల్లల పత్రికో కొత్తగా తెరిచిన తెలుగు సైటు కూడా ఆ కుప్పలోనే పడిపోతుంది.

గ్రంథపాలకులు: తెలుగు సైట్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. అన్నమాచార్యుల సంకీర్తనల్లో ఆధ్యాత్మిక సంకీర్తనలు, శృంగార సంకీర్తనలు అని రెండు తెగలున్నాయి. తిరుమలలో 1922లో వెలికివచ్చిన రాగిరేకుల మీద ఉన్నది ఆ సాహిత్యమే. శృంగారం అన్న మాటకు ఇంగ్లీషు వ్యాసాల్లో వాడే 'ఎరోటిక్' అనే మాట ఫిల్టర్లకు గిట్టదు. స్వామివారి పాదాల దగ్గర కూర్చుని, అన్నమయ్య మీద పరిశోధన చేసే పిల్లవాడికి ఆ వ్యాసం తెరుచుకోకపోతే ఎంత దుఃఖమో ఆలోచించండి. అలాగే పాడి పశువుల కృత్రిమ గర్భధారణ. పాల ఉత్పత్తి మీద ఎన్నో కుటుంబాలు బతికే చిత్తూరు ప్రాంతంలో అది రోజువారీ పని. పుంగనూరు ఆవు లాంటి జాతిని నిలుపుకోవడానికి కావలసిన విద్య. వీర్య సేకరణ, నిల్వ, గడ్డకట్టిన వీర్యాన్ని కరిగించే ఉష్ణోగ్రత, ఇవన్నీ పశువైద్య పాఠాలు. మాటలను మాత్రమే చూసే ఫిల్టరుకు ఇవి పాఠాలని ఎలా తెలుస్తుంది?

మా వృత్తిలో ఒక నియమం ఉంది. పాఠకుడు అడిగిన పుస్తకం మా దగ్గర లేకపోతే, లేదని చెప్పి, ఎక్కడ దొరుకుతుందో కూడా చెబుతాం. ఎందుకు అడుగుతున్నావని నిలదీయం. ఫిల్టర్ ఈ రెండింటికీ విరుద్ధంగా నడుస్తోంది.

సమన్వయకర్త: ఇంజినీరు గారూ, ఒక పేజీలో అభ్యంతరం ఉంటే ఆ పేజీ మాత్రమే ఆగాలి కదా. సైటు మొత్తం ఎందుకు ఆగుతోంది?

ఇంజినీరు: ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్ వాడుతున్నాయి. అంటే విద్యార్థి ఫోనుకు, ఆ సైటుకు మధ్య జరిగే సంభాషణ సంకేత భాషలోకి మారిపోతుంది. మధ్యలో ఉన్న ఫైర్‌వాల్‌కు సైటు పేరు మాత్రం కనబడుతుంది, అందులో ఏ పేజీ అడిగారో కనబడదు. కాబట్టి అది సైటునంతటినీ వదలాలి, లేదా సైటునంతటినీ ఆపాలి. ఆ సంకేతాన్ని విప్పి లోపలికి చూసే సదుపాయం ఉంది గానీ, అందుకు ప్రతి విద్యార్థి ఫోనులోనూ మా ఫైర్‌వాల్‌ను నమ్మమని ఫోనుకు చెప్పే డిజిటల్ సర్టిఫికెట్ పెట్టించాలి. అప్పుడు బ్యాంకు పాస్‌వర్డుల దాకా చూడగలిగే అధికారం మా చేతికి వస్తుంది. అది నాకు సమ్మతం కాదు.

ఐపీ అడ్రసును, అంటే సర్వరుకు ఉండే అంకెల చిరునామాను బట్టి ఆపితే ఇంకా ఘోరం. వేల సైట్లు ఒకే సర్వరు మీద, ఒకే అడ్రసుతో నడుస్తుంటాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పిల్లలపై లైంగిక దోపిడీ చిత్రాలున్న సైట్లను ఆపాలని 2002లో చట్టం తెచ్చారు. ఉద్దేశంలో వంక పెట్టడానికేమీ లేదు. కానీ 400 కన్నా తక్కువ సైట్లను ఆపబోయి, ఏ సంబంధమూ లేని 11 లక్షలకు పైగా సైట్లను ఆపేశారని తేలడంతో 2004లో అక్కడి ఫెడరల్ కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. మన దేశంలోనూ 2006 జులైలో ప్రభుత్వం కొద్ది సైట్లను, పేజీలను ఆపమని ఆదేశిస్తే, ఇంటర్నెట్ కంపెనీలు బ్లాగ్‌స్పాట్‌ను ఉన్నపళంగా మొత్తం ఆపేశాయి. వంటల గురించి, కవిత్వం గురించి రాసుకునేవారి బ్లాగులు కూడా దేశమంతటా మూతపడ్డాయి.

గ్రంథపాలకులు: ఆ బ్లాగులు రాసుకునేవారికి అప్పుడు కనీసం తెలిసింది, పత్రికల్లో వచ్చింది కాబట్టి. కళాశాల ఫిల్టర్‌లో పడిన సైటు యజమానికి తన సైటు ఇక్కడ ఆగిందని ఏనాటికీ తెలియదు.

సమన్వయకర్త: ఆగిన పేజీ కోసం విద్యార్థులు ఏం చేస్తున్నారు?

ఇంజినీరు: డబ్బున్నవారు వైఫై ఆపేసి సొంత మొబైల్ డేటా మీద చూస్తారు. డేటా అయిపోయినవారు ఊరుకుంటారు, లేకపోతే ఫిల్టర్‌కు కనబడకుండా దాటించే ఉచిత వీపీఎన్ యాప్ వేసుకుంటారు. ఈ మూడోదే నన్ను కలవరపెడుతుంది. ఉచిత వీపీఎన్‌లలో కొన్ని, వాడేవారి వివరాలను అమ్ముకుని బతుకుతాయి. పాఠం కోసం ఒకసారి వీపీఎన్ వేసుకున్న విద్యార్థి దాన్ని తీసేయడు, ఆ తర్వాత మా ఫిల్టర్ ఆపవలసిన వైరస్ సైట్లను కూడా ఆపలేకపోతుంది. హాని లేని సైట్లను ఆపిన ప్రతిసారీ, హాని ఉన్న సైట్ల నుంచి కాపాడే శక్తిని మేమే పోగొట్టుకుంటున్నాం. ఈ మాట యాజమాన్యాలకు అర్థమైతే డాక్టరు గారు చెప్పినదానికి దారి దొరుకుతుంది.

వైద్యురాలు: ఏ దారి? నేను ఫిల్టర్లు తీసేయమనడం లేదు. ఎనిమిదో తరగతి పిల్లలున్న బడికి, ఎంబీబీఎస్ విద్యార్థులున్న హాస్టలుకు ఒకే గీత గీయవద్దంటున్నాను. పాతికేళ్ల హౌస్ సర్జనుకు ఏది చూడాలో ఒక యంత్రం చెప్పనవసరం లేదు.

గ్రంథపాలకులు: ఇక్కడ అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఒకటి గుర్తుచేయాలి. ప్రభుత్వ నిధులు తీసుకునే గ్రంథాలయాలు, బడులు ఫిల్టర్లు పెట్టాలని 2000లో అక్కడ చట్టం చేశారు. గ్రంథాలయ సంఘం దాన్ని సవాలు చేస్తే, 2003లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. వయోజనుడైన పాఠకుడు అడిగితే గ్రంథపాలకుడు ఫిల్టర్‌ను తీసి ఇవ్వవచ్చన్నది న్యాయమూర్తులు చూపిన ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి. జాప్యం లేకుండా అలా తీసి ఇస్తున్నంత వరకు పెద్ద అభ్యంతరం లేదని జస్టిస్ కెనెడీ తన విడి అభిప్రాయంలో రాశారు. నేను పట్టుబట్టేది దానికే. తెరిచే అధికారం పాఠకుడికి ఎదురుగా కూర్చున్న మనిషి చేతిలో ఉండాలి. వారం తర్వాత జవాబిచ్చే ఈమెయిలుకు ఆ అధికారం ఇస్తే, ఈలోగా పరీక్ష అయిపోతుంది.

ఇంజినీరు: సార్, అది సాంకేతికంగా కష్టమేమీ కాదు. గ్రంథపాలకుడికి ఒక లాగిన్ ఇచ్చి, సైటు పేరు వైట్‌లిస్టులో, అంటే ఆపకూడని సైట్ల జాబితాలో చేర్చే వీలు కల్పించవచ్చు. వైరస్ కేటగిరీని మాత్రం నేను వదలను. ఆరోగ్యం, సాహిత్యం, వ్యవసాయం, ఇంకా కేటగిరీ పడనివి మీరు తెరవండి, వైరస్ అని తేలినవి నా దగ్గరకు పంపండి.

గ్రంథపాలకులు: ఒప్పుకున్నాను. అయితే అడిగిన విద్యార్థి పేరు రాయకూడదు. సైటు పేరు, తేదీ చాలు.

ఇంజినీరు: ఫైర్‌వాల్ లాగ్‌లో, అంటే ఎవరు ఏ సైటుకు వెళ్లారో నమోదయ్యే చిట్టాలో, రోల్ నంబరు ఎలాగూ పడుతుందండీ. నేరం జరిగినప్పుడు పోలీసులు అడిగేది అదే.

వైద్యురాలు: లాగ్ ఉండనివ్వండి. దాన్ని ఎవరు తెరిచి చూడవచ్చో, ఎన్నాళ్లు ఉంచుతారో రాసి నోటీసు బోర్డు మీద పెట్టండి. ఆ ఎర్ర పట్టీ మీద 'ఇది పొరపాటు అయి ఉండవచ్చు' అనే వాక్యం, గ్రంథాలయం ఫోను నంబరు తెలుగులో చేర్చండి. ఆ అమ్మాయి లాంటివారు అప్పుడు ధైర్యంగా అడుగుతారు.

సమన్వయకర్త: సైటు నడిపేవారి కోసం చివరిగా ఒక ప్రశ్న. తమ సైటు తప్పుడు కేటగిరీలో పడిందని అనుమానం వస్తే వారేం చేయాలి?

ఇంజినీరు: ఫిల్టర్ అమ్మే పెద్ద కంపెనీల్లో చాలావాటికి, సైటు చిరునామా ఇస్తే దాని కేటగిరీ చూపించే పేజీ ఉంటుంది. తప్పుగా ఉంటే సరైనది సూచించే ఫారం అక్కడే ఉంటుంది, దానికి ఖర్చేమీ ఉండదు. ఒక కంపెనీ దిద్దినంత మాత్రాన మరో కంపెనీ చిట్టా మారదు కాబట్టి విడివిడిగా అడగాలి. సైటు ఏ విషయం గురించినదో మొదటి పేజీలో స్పష్టంగా, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి పెట్టుకుంటే పరిశీలించే మనిషికి పని తేలికవుతుంది. తెలుగు చదవలేని ఉద్యోగి ముందుకు మీ అర్జీ వెళ్లవచ్చన్నది గుర్తుంచుకోండి.