‘ఇన్‌క్లూజివ్’ బోర్డు వెనక ఏముంది? మావాడి కోసం ఐదు స్కూళ్లు తిరిగాక

నమస్తే అండీ. మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తే ఏమీ అనుకోకండి, మావాడు బడి నుంచి వచ్చేలోపు ఈ వీడియో తీసేయాలి.

ఆటిజం ఉన్న పిల్లలకి హైదరాబాద్‌లో ఏ ప్రైవేటు స్కూలు మంచిదని చాలామంది అడుగుతున్నారు. పేర్లు చెప్పను. ఎందుకంటే ఒక మంచి టీచర్ ఉన్నంతకాలమే ఆ స్కూలు బాగుంటుంది, ఆవిడ మానేస్తే మర్నాటికి అది వేరే స్కూలు. ఎనిమిదేళ్ల మావాడిని వెంటబెట్టుకుని ఐదు స్కూళ్లు తిరిగాం. అక్కడ చూసింది చెప్తా.

మొదటిది పెద్ద క్యాంపస్. గేటు మీదే ‘ఇన్‌క్లూజివ్ స్కూల్’ అని ఉంది, అంటే మావాడి లాంటి పిల్లల్నీ అందరితో కలిపి చదివించే స్కూలని. రిసోర్స్ రూమ్, అంటే ఈ పిల్లలకి విడిగా సాయం చేసే గది, చూపించమంటే తాళంచెవి కోసం పది నిమిషాలు వెతికారు. తలుపు తీస్తే స్పోర్ట్స్ డే డ్రమ్ములు, విరిగిన కుర్చీలు, మూలన కవరు కూడా విప్పని థెరపీ బాల్. ఇంతలో బెల్లు మోగింది. మావాడు రెండు చెవులూ మూసుకుని నేలమీద కూలబడ్డాడు. కోఆర్డినేటర్ మేడం వాచీ చూసుకున్నారు.

ఇంకో రెండు స్కూళ్లలో అయితే ఒకటే మాట: "మీవాడికి ఇక్కడ కష్టమవుతుందేమో అమ్మా." సీటు లేదని మాత్రం అనరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూలు వైకల్యం చూసి వివక్ష చూపకుండా చేర్చుకోవాలి. అందుకే ఈ జాలి మాటలు.

కాబట్టి ‘మా పిల్లల్ని తీసుకుంటారా’ అని అడగడం మానేశా. ఇప్పుడు అడిగేది ఇదీ: మంగళవారం పదకొండింటికి మావాడు ఎక్కడుంటాడు, ఎవరి పక్కన, ఏం చేస్తూ? రోజంతా రిసోర్స్ రూమ్‌లోనే అంటే, అది పక్క గదిలో పెట్టిన స్పెషల్ స్కూలే కదా!

స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నారంటే ఆర్‌సీఐ నంబరు అడగండి, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్. మొహమాటం వద్దు. నిజంగా ఆ చదువు చదివినవాళ్లకి చూపించడానికి ఇబ్బందేం ఉండదు.

షాడో టీచర్, అంటే క్లాసులో మన పిల్లల వెంటే ఉండి సాయం చేసే మనిషి, సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ‘షాడోని పెట్టుకుంటేనే సీటు, జీతం మీదే’ అనే స్కూళ్లున్నాయి. మొదటి ఏడాది షాడో అవసరమే కావచ్చు, కాదనను. కానీ ఒకచోట క్లాసు బయట నిలబడి చూశా. ఒక పాప సీసా మూత రావట్లేదని టీచర్ ముందుకి చాపింది. టీచర్ అందుకోలేదు, వెనకున్న షాడో వైపు చూసింది. ఆ పాప తన క్లాసు పిల్ల కాదన్నట్టే. ఆ స్కూలు అక్కడే వద్దనుకున్నా.

మేం చేర్పించింది చిన్న స్కూలు. పాత బిల్డింగు, మూడంతస్తులు, లిఫ్టు లేదు. వీల్‌చైర్ వాడే పిల్లలకి అసలు పనికిరాదు. ప్రిన్సిపల్ నాతో మాట్లాడకముందే కింద కూర్చుని మావాడి చేతిలో బస్సు బొమ్మ చూసి "ఏ నంబరు?" అన్నారు. "10హెచ్." "కొండాపూర్ పోతుందా?" వాడు తలూపాడు. కొత్తవాళ్లకి వాడు జవాబివ్వడమే గొప్ప.

వాళ్లిచ్చిన ఐఈపీలో, అంటే మావాడి ఒక్కడి కోసం విడిగా రాసిన ప్లానులో, ‘లెక్కల్లో మెరుగుదల’ లాంటి గాలి మాటల్లేవు. ‘బెల్లుకి నిమిషం ముందు చెప్తే, చెవులు మూసుకోకుండా లైన్లో నిలబడాలి, మూడు నెలల్లో’ అని ఉంది. అలా రాస్తే మనం పట్టుకుని అడగొచ్చు.

సీబీఎస్ఈ స్కూలైతే, బోర్డు పరీక్షల్లో గంటకి 20 నిమిషాల అదనపు టైం, స్క్రైబ్ (పిల్లలు చెప్తే రాసిపెట్టే మనిషి) లాంటివి ఎప్పుడైనా ఏ పిల్లలకైనా ఇప్పించారా అని కనుక్కోండి. అది పొసగకపోతే ఎన్ఐఓఎస్ ఓపెన్ స్కూలు ఉంది, టెన్షన్ వద్దు.

అసెస్‌మెంట్ రిపోర్టు లేకుండా మాత్రం తిరగకండి. దానికి బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది, పాతవాళ్లు ఎన్ఐఎంహెచ్ అంటారు. మా స్కూల్లో స్పీచ్ థెరపీ లేదు, బయట చేయిస్తున్నాం. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఇన్సూరెన్స్ ఉంటే ఏడాదికి లక్ష వరకు కవరేజీ ఉంటుంది, థెరపీలకీ కొంత వస్తుంది.

మా స్కూలుకి నా రేటింగ్? ఐదుకి మూడున్నర. నాలుగు ఇచ్చేదాన్నే, అర ఎందుకు తగ్గిందంటే, మొన్న యాన్యువల్ డేకి మావాడికి చెట్టు వేషం వేసి వెనక నిలబెట్టారు. వెళ్లి అడిగా, వచ్చే ఏడాది బస్ కండక్టర్ వేషం ఇస్తామన్నారు. డైరీలో రాయించుకుని సంతకం కూడా పెట్టించా.

వ్యాన్ హారన్ వినిపిస్తోంది, వచ్చేశాడు. ఉంటానండీ.