ఏప్రిల్ ఎండలో 9800ఎక్స్3డీ ఓవర్‌క్లాక్: 95 డిగ్రీలు కనిపిస్తే భయపడాలా?

ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 7 9800ఎక్స్3డీని ఇవాళ ఓవర్‌క్లాక్ చేద్దాం, అంటే కంపెనీ పెట్టిన స్పీడ్‌కంటే పైకి తీసుకెళ్దాం. ముందు ఈ థర్మామీటర్ చూడండి. కేబినెట్ పక్కనే పెట్టాను, గదిలో 34 డిగ్రీలు ఉంది. ఏసీ ఆపేశాను, మైకులో సౌండ్ వస్తోందని సీలింగ్ ఫ్యాన్ కూడా ఆపేశాను, మధ్యలో చెమట తుడుచుకుంటే ఏమీ అనుకోకండి.

ఇది ఎందుకు చూపిస్తున్నానంటే, చలి దేశాల్లో తీసిన రివ్యూల్లో గది 21, 22 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఎంత ఖరీదైన కూలర్ అయినా గది గాలికంటే చిప్‌ని చల్లగా చేయలేదు, ఆ గాలి మీద ఎన్ని డిగ్రీలు పెరగాలన్నదే దాని చేతిలో ఉంటుంది. అంటే అక్కడ 75 చూపించిన చిప్, అదే కూలర్‌తో, అదే లోడ్‌లో మన దగ్గర దాదాపు 87 చూపిస్తుంది. కూలర్ పాడైందని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పరిగెత్తకండి, పార్క్‌లేన్‌లో పార్కింగ్ దొరకడమే పెద్ద పని.

ఇక చిప్ సంగతి. రైజెన్ 7 9800ఎక్స్3డీ 2024 నవంబర్‌లో వచ్చింది: 8 కోర్లు, 120 వాట్ల టీడీపీ (కూలర్ ఎంత వేడిని లాగాలో చెప్పే లెక్క), గరిష్ఠ స్పీడ్ అంటే బూస్ట్ 5.2 గిగాహెర్ట్జ్. పాత 7800ఎక్స్3డీలో అదనపు క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ) ముక్క కోర్ల పైన కూర్చునేది, మే నెలలో రగ్గు కప్పుకుని పడుకున్నట్టు. అందుకే దాని వేడి లిమిట్ 89 డిగ్రీలే, చేత్తో స్పీడ్ పెంచే మల్టిప్లయర్ సెట్టింగ్ కూడా లాక్. ఇందులో ఆ క్యాష్‌ని కోర్ల కిందికి మార్చారు. కోర్లు కూలర్‌కి దగ్గరయ్యాయి, లిమిట్ 95 అయింది, లాక్ పోయింది. 95 తాకితే చిప్ కాలిపోదు, తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది. కానీ ఓవర్‌క్లాక్ చేసి మరీ 95లో కూర్చోబెడితే లాభం ఏముంది?

నా సంగతి చెప్తాను, నవ్వకండి. మొదటిసారి ఫిట్ చేసింది రాత్రి పదకొండింటికి. ప్రాసెసర్‌కి ఫుల్ లోడ్ ఇచ్చే సినీబెంచ్ టెస్ట్ నొక్కగానే రెండు మూడు సెకన్లలో 95. చిప్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ తక్కువైందేమో, లిక్విడ్ కూలర్ పంప్ తిరగడం లేదేమో అని గంటసేపు టెన్షన్ పడి, చివరికి కూలర్ ఊడదీస్తే అడుగున పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ అలాగే ఉంది, దాని మీద నేను పూసిన పేస్ట్ నీట్‌గా అచ్చు పడి ఉంది! కాబట్టి బయాస్‌లోకి, అంటే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లేముందు ఆ ఫిల్మ్ తీశారో లేదో గుర్తు చేసుకోండి.

ఇప్పుడు పీసీ ఆన్ అవుతుండగానే డిలీట్ కీ నొక్కి బయాస్‌లోకి రండి. ఓల్టేజ్ చేత్తో ఫిక్స్ చేసే పద్ధతి నేను చూపించను, ఈ ఎండలో అది అనవసరం. చిప్ తనంతట తాను స్పీడ్ పెంచుకునే హద్దుల్ని మార్చే ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్‌ని అడ్వాన్స్‌డ్‌లో పెట్టండి. కింద కర్వ్ ఆప్టిమైజర్, ఆల్ కోర్స్, నెగెటివ్, 15. అంటే అదే స్పీడ్‌కి చిప్ కాస్త తక్కువ ఓల్టేజ్ అడుగుతుంది, ఒక్కో అంకెకి సుమారు 3 నుంచి 5 మిల్లీఓల్టులు. వేడి అక్కడే తగ్గుతుంది. ఆ మిగిలిన వేడినే మనం స్పీడ్ కింద ఖర్చు పెట్టుకోవచ్చు: బూస్ట్ క్లాక్ ఓవర్‌రైడ్ 200 మెగాహెర్ట్జ్ పెడితే 5.4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. అక్కడే థర్మల్ లిమిట్ ఉంటుంది, నేను 85 పెడతాను, వేసవిలో అదే నాకు కాపలా.

ర్యామ్‌ని దాని పూర్తి స్పీడ్‌లో నడిపే ఎక్స్‌పో ఆన్ చేశాక ఎస్ఓసీ ఓల్టేజ్ (ప్రాసెసర్‌లో ర్యామ్‌ని నడిపే భాగానికి వెళ్లేది) ఒకసారి చూడండి, 1.3 ఓల్టులు దాటకూడదు. 2023లో 7000 సిరీస్ ఎక్స్3డీ చిప్‌లు కొన్ని కాలిపోయాక ఏఎండీ పెట్టిన గీత అది.

విండోస్‌లోకి వచ్చి వేడి, స్పీడ్ చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో తెరవండి, సినీబెంచ్ పది నిమిషాలు నడపండి. ఒక్క నిమిషం నడిపి స్క్రీన్‌షాట్ తీసుకోవద్దు, లిక్విడ్ కూలర్‌లో నీళ్లు వేడెక్కడానికే టైమ్ పడుతుంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. కర్వ్ మరీ తగ్గిస్తే ఫుల్ లోడ్‌లో ఏమీ కాదు, అంతా అయిపోయి బ్రౌజర్ తెరిచి టీ తాగుతుంటే రీస్టార్ట్ అవుతుంది. ఎందుకంటే ఒకటో రెండో కోర్లకే పని ఉన్నప్పుడు అవి అత్యధిక స్పీడ్‌కి వెళ్తాయి, తక్కువ ఓల్టేజ్ దెబ్బ తగిలేది అప్పుడే. అందుకే కోర్‌సైక్లర్ అనే టూల్‌తో ఒక్కో కోర్‌నీ విడిగా, రాత్రంతా టెస్ట్ చేయండి. విండోస్ లోపాల చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో ప్రాసెసర్ హెచ్చరికలు కనిపిస్తే 15 నుంచి 10కి రండి. ఏమీ లేకపోతే 20 ప్రయత్నించండి. పక్కింటివాడిది 30లో నడుస్తోంది కదా అని మీది నడవాలని లేదు, ఏ రెండు చిప్‌లూ ఒకలా ఉండవు.

అంతా కుదిరాక బయాస్ స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. బయాస్ అప్‌డేట్ చేస్తే సేవ్ చేసిన ప్రొఫైళ్లు చాలా బోర్డుల్లో ఎగిరిపోతాయి. ఆ అప్‌డేట్ కూడా యూపీఎస్ మీద ఉన్నప్పుడే చేయండి, సాయంత్రం గాలివాన మొదలైతే మా వీధిలో ముందు పోయేది కరెంటే.