డీఎస్-2019లో ఎడమ మూల
(హౌస్ సర్జన్లు, పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా,

లోపలికి వస్తుంటే మీలో ఒకరు "సర్, ఎఫ్-1 మేలా, జె-1 మేలా?" అని అడిగారు. ఎఫ్-1 అంటే చదువుకునే విద్యార్థుల వీసా, జె-1 అంటే పరిశోధకులూ డాక్టర్లూ వెళ్లే మార్పిడి కార్యక్రమాల వీసా. అక్కడి నుంచే మొదలుపెడతాను. రెండూ అమెరికాకే చేరుస్తాయి గానీ, వాటి పుట్టుక వేరు. జె-1 వెనుక 1961 నాటి ఫుల్‌బ్రైట్-హేస్ చట్టం ఉంది. వచ్చినవాళ్లు నేర్చుకోవాలి, నేర్చుకున్నది తమ దేశానికి పట్టుకువెళ్లాలి అన్నది దాని ఉద్దేశం. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే మిగతా నిబంధనలు చిక్కుముడుల్లా కనిపించవు.

జె-1 పని కాన్సులేట్ దగ్గర మొదలవదు. ముందు అమెరికా విదేశాంగ శాఖ గుర్తింపు ఉన్న స్పాన్సర్ మిమ్మల్ని తీసుకోవాలి. రెసిడెన్సీకి, అంటే అక్కడి ఆసుపత్రుల్లో స్పెషాలిటీ శిక్షణకు, వెళ్లే డాక్టర్లకు ఆ స్పాన్సర్ విదేశీ వైద్య పట్టభద్రుల అర్హతలు చూసే సంస్థ ఈసీఎఫ్‌ఎంజీ. వారు పంపే పత్రమే డీఎస్-2019. ఆ తర్వాత వీసా దరఖాస్తు డీఎస్-160 నింపడం, విదేశీ విద్యార్థుల, సందర్శకుల వివరాల నమోదు వ్యవస్థ సెవిస్ రుసుము, వీసా రుసుము, ఇంటర్వ్యూ స్లాటు... ఓపిక ఉంటే అయిపోయే పనులే.

నా బాధంతా ఆ డీఎస్-2019ను ఎవరూ సరిగా చదవరనే. అచ్చు తీసి బల్ల మీద పెట్టుకోండి. మూడో గడిలో తేదీలుంటాయి; మొదటి తేదీకి 30 రోజులకు మించి ముందుగా దేశంలోకి రానివ్వరు. నాలుగో గడిలో మీరు ఏ వర్గం కింద వెళ్తున్నారో ఉంటుంది. ఐదో గడిలో డబ్బు ఎవరిస్తున్నారో ఉంటుంది. అక్కడ ఏ ప్రభుత్వం పేరైనా కనిపిస్తే ఆగి ఆలోచించండి. పేజీ అడుగున ఎడమ మూలన, చిన్న అక్షరాల్లో, రెండేళ్ల స్వదేశ నివాస నిబంధన ఉంటుంది.

నేను ప్రభుత్వ ఫెలోషిప్ మీద పరిశోధనకు వెళ్లినప్పుడు ఆ మూల చదవలేదు. మూడేళ్లకు మంచి ఉద్యోగం వచ్చి ఉద్యోగ వీసా హెచ్-1బీకి మారబోతే, న్యాయవాది మొట్టమొదట అడిగిన కాగితం అదే. ఆయన వేలు పెట్టి చూపించిన చోట పెన్నుతో కొట్టిన టిక్కు ఉంది. స్వదేశంలో మొత్తం రెండేళ్లు గడిపితే తప్ప హెచ్ వీసా గానీ గ్రీన్‌కార్డు గానీ లేదు. అప్పటికి మా ఆవిడ ఏడో నెల గర్భిణి. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు.

ఆ టిక్కు ప్రాథమిక అభిప్రాయం మాత్రమే. టిక్కు లేకపోయినా చట్టం వర్తిస్తే వర్తించినట్టే. ఏ దేశానికి ఏ నైపుణ్యాలున్నవాళ్లు తిరిగి రావాలో చెప్పే అమెరికా నైపుణ్యాల జాబితా నుంచి 2024 డిసెంబరులో భారతదేశాన్ని తీసేశారు కాబట్టి, ఆ కారణంతో ఎందరికో ఉన్న ముడి వీడిపోయింది. ప్రభుత్వ ధనంతో వెళ్లేవారికీ, రెసిడెన్సీకి వెళ్లే డాక్టర్లకూ మాత్రం అలాగే ఉంది. డాక్టర్లకు మన ప్రభుత్వం "అభ్యంతరం లేదు" అని లేఖ ఇచ్చినా చెల్లదు. అమెరికాలోనే వైద్యులు కరువైన ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే ఈ నిబంధన నుంచి దొరికే కాన్రాడ్ మినహాయింపు ఉంది; అదీ ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 మందికే. డాక్టర్లూ, మీరు జె-1కు కావలసిన కేంద్ర ఆరోగ్య శాఖ లేఖ కోసం తిరిగి వస్తానని రాసిస్తారు. ఆ సంతకం పెట్టే ముందు రోజు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి. పెళ్లి కుదిరిన వారైతే అవతలి ఇంటివారితో కూడా. దాచిపెట్టి చేసిన పెళ్లిళ్లలో కన్నీళ్లు నేను చూశాను.

ఇంటర్వ్యూ సంగతి. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసే వెళ్లండి, నేనూ చేశాను. కన్సల్టెన్సీలు వల్లె వేయించే జవాబులు మాత్రం వద్దు. వచ్చినవాళ్లు అక్కడే ఉండిపోతారని అనుకుని చూడమని చట్టమే అధికారికి చెబుతుంది. కాదని చూపాల్సింది మీరే. అక్కడ ఏం నేర్చుకుంటారు, ఇక్కడికొచ్చి దానితో ఏం చేస్తారు అంటే మీ సొంత మాటల్లో, మీ వార్డు గురించో మీ ప్రయోగశాల గురించో చెప్పండి.

డీఎస్-2019 చేతికొచ్చినవారు తెచ్చుకున్నారు కదా? ముందు వరుస నుంచి ఒక్కొక్కరుగా రండి. ముందు ఐదో గడి చూద్దాం.