రాజుగారి కుర్చీ ఎక్కడ వేశారు?

శ్రోతలందరికీ నమస్కారం.

నాకు పదేళ్లప్పుడు మా నాన్నగారు సురభి వాళ్ల నాటకానికి తీసుకెళ్లారు. మేం చేరేసరికి ఆలస్యమైంది. మధ్యలో కుర్చీలన్నీ నిండిపోయాయి. ఓ మూలకి, స్టేజికి బాగా పక్కకి, రెండు కుర్చీలు దొరికాయి. తెర లేచింది. అడవి. మధ్యలో కూర్చున్నవాళ్లకి అది నిజంగా అడవే. మాకు మాత్రం ఒకదాని వెనక ఒకటి వేలాడుతున్న రంగు గుడ్డలు కనిపించాయి. ఆ గుడ్డల సందులో బనీను వేసుకున్న ఒకాయన రెండు చేతులతో తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ రాత్రి కృష్ణుణ్ని చూసినంతసేపు ఆ తాడునూ చూశాను.

ఈరోజు నేను చెప్పబోయేది నాలుగు వందల ఏళ్ల కిందటి లండన్ మాట. కానీ ఆ మూల కుర్చీ కాస్త గుర్తుపెట్టుకోండి. దానితో పని ఉంది.

అప్పుడు ఇంగ్లండును ఏలుతున్నది మొదటి జేమ్స్. ఆయన తర్వాత ఆయన కొడుకు మొదటి చార్లెస్. వీళ్ల కొలువులో చలికాలం వచ్చిందంటే, క్రిస్మస్ పండగ రోజుల్లో, ఒక పెద్ద ఆట ఉండేది. దాన్ని మాస్క్ అనేవారు. ముఖానికి తొడుక్కునే మాస్కు నుంచి వచ్చిన పేరే. అందులో పద్యం ఉంటుంది, పాట ఉంటుంది, నాట్యం ఉంటుంది. మబ్బులు దిగుతాయి, కొండలు తెరుచుకుంటాయి. అయినా దాన్ని నాటకం అనలేం. ఎందుకంటే అసలు వేషాలు కట్టేది నటులు కాదు. రాణిగారు, యువరాజు, పెద్ద పెద్ద ప్రభువులు. వాళ్లు నోరు విప్పరు. మాటలూ పాటలూ డబ్బిచ్చి పిలిపించినవాళ్లవి. దొరలు వచ్చి నాట్యం చేస్తారు, అంతే. చివర్లో వాళ్లే కిందికి దిగి, చూస్తున్నవాళ్లలోంచి జతలను పిలుచుకుని ఆడతారు. అప్పటికి ఆట ఏదో, సభ ఏదో తెలియకుండా పోతుంది.

పద్యాలు ఎక్కువగా బెన్ జాన్సన్ రాసేవాడు. తెరలు, యంత్రాలు, దుస్తులు ఇనిగో జోన్స్ చూసుకునేవాడు. ఈ ఇద్దరూ కలిసి 1605 నుంచి పాతికేళ్లకు పైగా పనిచేశారు. చివరికి అచ్చుపుస్తకం మీద ఎవరి పేరు ముందుండాలి అన్నదాని మీద విడిపోయారు. మాట గొప్పదా, బొమ్మ గొప్పదా? నా ఓటు జాన్సన్‌కే. కానీ కొలువులో నెగ్గింది జోన్స్. ఎందుకు నెగ్గాడో చెప్తాను.

జోన్స్ ఇటలీ వెళ్లి వచ్చినవాడు. అక్కడి చిత్రకారుల ఒడుపు ఒకటి నేర్చుకుని తెచ్చాడు. రైలు పట్టాలు చూడండి, దూరం పోయేకొద్దీ దగ్గరైనట్టు కనిపిస్తాయి కదా. ఆ లెక్కలో తెరలు గీసి, ఒకదాని వెనక ఒకటి నిలబెడితే, పది గజాల స్టేజి మైళ్ల దూరం ఉన్నట్టు కనిపిస్తుంది. అయితే ఆ లెక్క కచ్చితంగా కుదిరేది ఒక్క చోటు నుంచే. హాలు మొత్తంలో ఒక్క చోటు. ఆ ఒక్క చోట రాజుగారి కుర్చీ వేశారు.

ఇది నిదానంగా ఆలోచించండి. రాజుగారికి బొమ్మ పూర్తిగా కనిపిస్తుంది. ఆయన పక్కవాళ్లకి కొంచెం వంకరగా. ఇంకా పక్కవాళ్లకి ఇంకా వంకరగా. మూలన ఉన్నవాళ్లకి గుడ్డలు, తాళ్లు. అంటే రాజుకి నువ్వు ఎంత దగ్గరో, నీకు లోకం అంత సరిగ్గా కనిపిస్తుంది. పైగా ఆ కుర్చీ ఎత్తు మీద, గొడుగు కింద, దీపాల వెలుగులో ఉంటుంది. కాబట్టి జనం స్టేజిని ఎంత చూస్తారో, రాజుగారు స్టేజిని ఎలా చూస్తున్నారన్నదీ అంతే చూస్తారు.

నాకు బాగా ఇష్టమైన రాత్రి ఒకటుంది. 1618 జనవరి 6. వైట్‌హాల్ రాజభవనంలో పాత విందుశాల. ఆ రాత్రి ఏం జరిగిందో వెనిస్ రాయబారి దగ్గరున్న ఒరాజియో బుసీనో అనే పాదిరీ రాసిపెట్టాడు. ఎంత బాగా రాశాడంటే, చదువుతుంటే మనకే ఒళ్లు నొప్పులు పుడతాయి.

ఆట రాత్రి పదింటికి మొదలైంది. వీళ్లు సాయంత్రం నాలుగింటికే వెళ్లి కూర్చున్నారు. ఇసుక వేస్తే రాలనంత జనం. నగలు పెట్టుకున్న ఆడవాళ్లే ఆరు వందల మంది పైన ఉన్నారని అక్కడివాళ్లు అనుకున్నారట. ఆ ఇరుకులో ఒక స్పెయిన్ దేశస్థుడు వచ్చి, రెండు వేళ్లంత చోటిస్తే చాలు అన్నాడు. సరే అన్నారు. ఆ తర్వాత అందరికంటే హాయిగా కూర్చున్నది ఆయనేనని బుసీనో దేవుడి మీద ఒట్టేసి చెప్తున్నాడు. మన ఎర్రబస్సులో "కాస్త జరగండి" అన్నవాళ్లు నాకు ఎంతమంది గుర్తొచ్చారో!

సరే, రాజుగారు వచ్చారు. తెర జారింది. అట్లాస్ అనే కొండ. కప్పును తాకుతూ పైన ఒక పెద్ద తల, ఆ తలకి కళ్లు గిరగిరా తిరుగుతున్నాయి. ముందు వచ్చింది తిండి, తాగుడు దేవుడు, కోమస్. బండి మీద బొద్దుగా కూర్చుని వచ్చాడు. వెనకే పీపాలో దూరిన మనిషి ఒకడు, బుట్టలా అల్లిన సీసాల్లో దూరినవాళ్లు మిగతావాళ్లు, కాళ్లూ చేతులూ మాత్రం బయటపెట్టి గంతులు. ఈ కోతి గంతుల భాగాన్ని యాంటీమాస్క్ అంటారు. అంటే లోకం అదుపు తప్పితే ఎలా ఉంటుందో ముందు చూపిస్తారు. తర్వాత గ్రీకు కథల్లోని మహావీరుడు హెర్క్యులిస్ వచ్చి వాళ్లను తరిమేస్తాడు. అప్పుడు కొండ రెండు తలుపుల్లా తెరుచుకుంటుంది. వెనక తెల్లవారుతూ ఉంటుంది. ఆ వెలుగులోంచి పన్నెండు మంది ప్రభువులు మాస్కులు పెట్టుకుని దిగుతారు. వాళ్ల మధ్యలో యువరాజు చార్లెస్, పదిహేడేళ్లవాడు. కొలువు మాస్కులో తను ముందుండి నడిపించడం అదే మొదటిసారి.

నోరు కట్టుకుంటేనే ఆనందానికి మర్యాద అని ఆ రాత్రి జాన్సన్ పద్యాల సారం. ఎవరి ముందు? తిండీ వేటా బాగా ఇష్టపడే జేమ్స్ రాజు ముందు. పొగడ్తలో చుట్టి మందు ఇవ్వడమంటే ఇదే.

నాట్యం మొదలైంది. ఒకటి, ఇంకొకటి, మరొకటి. ఆడి ఆడి ప్రభువులు అలిసిపోయారు. అడుగు మందగించింది. అంతే, రాజుగారికి కోపం వచ్చింది. గొంతెత్తి అరిచారు: ఎందుకు ఆడరు? నన్ను ఎందుకు పిలిచారు ఇక్కడికి? దయ్యం పట్టుకుపోను మీ అందర్నీ, ఆడండి!

హాలు హాలంతా బిగుసుకుపోయి ఉంటుంది. ఆ టెన్షన్ ఒక్కసారి ఊహించుకోండి. రాయబారులు చూస్తున్నారు. ఆరు వందల మంది ఆడవాళ్లు చూస్తున్నారు. అప్పుడు బకింగ్‌హామ్ ప్రభువు ముందుకి దూకాడు. ఆ ఏడాదే మార్క్విస్ బిరుదు అందుకున్నవాడు, రాజుగారికి అందరికంటే ఇష్టుడు. గాల్లోకి ఎగిరి, కాళ్లు టకటకా తాటిస్తూ ఇరవై దాకా గెంతులు వేశాడు. ఎంత తేలిగ్గా, ఎంత అందంగా వేశాడంటే రాజుగారి కోపం కరిగిపోయింది. ఆట అయ్యాక రాజుగారు అతణ్ని దగ్గరికి తీసుకుని, ముద్దుపెట్టుకుని, చెంప తట్టారు.

చూశారా? అసలు ఆట స్టేజి మీద లేదు. కుర్చీకీ స్టేజికీ మధ్య ఉంది. జాన్సన్ పద్యాలు ఎంతమందికి గుర్తున్నాయో గానీ, ఆ చెంప తట్టడం మాత్రం హాల్లో ప్రతి ఒక్కరూ చూశారు. మర్నాటి నుంచి ఎవరి గుమ్మం ముందు నిలబడాలో వాళ్లకి అర్థమైంది.

ఆ తర్వాత భోజనాలు. రాజుగారు బల్ల చుట్టూ ఒకసారి చూసి వెళ్లిపోయారు. అంతే, జనం విరుచుకుపడ్డారు. బల్ల కూలింది. గాజు పళ్లేలు భళ్లున పగిలాయి. వడగళ్లు పడి కిటికీ అద్దాలు పగిలినట్టుంది అంటాడు బుసీనో. ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి ఎప్పుడో దాటిపోయింది, ప్రాణాలు సగం పోయాయట.

ఇక రాయబారుల సంగతి. మాస్కుకి స్పెయిన్ రాయబారిని పిలిస్తే ఫ్రాన్స్ రాయబారికి కోపం. ఫ్రాన్స్‌ని పిలిస్తే స్పెయిన్‌కి కోపం. ఇద్దర్నీ పిలిస్తే ఎవరు ముందు కూర్చోవాలని గొడవ. 1608లో రాణిగారి మాస్కుకి స్పెయిన్ ఆయన్ని పిలిచి ఫ్రాన్స్ ఆయన్ని పిలవకపోతే అది రెండు దేశాల మధ్య తగాదా దాకా వెళ్లింది. మన ఇళ్లల్లో పెళ్లి పిలుపులకి వచ్చే అలకలు తెలుసు కదా. ఆ అలక వెనక ఓడలూ సైన్యాలూ ఉంటే ఎలా ఉంటుందో, అలా.

మాస్కులన్నీ భజనే అని కొందరు కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. 1634లో లండన్ లాయర్లు తమ ఖర్చుతో చార్లెస్ రాజుకి ఒక మాస్కు కట్టారు. ఇరవై వేల పౌండ్ల పైనే అయింది. వీధుల్లో దివిటీలతో ఊరేగింపు. అందులో ఒకడు తల మీద క్యారెట్ల కట్ట, చేతి మీద కోడి పెట్టుకుని వచ్చాడు. ఎవరయ్యా నువ్వు అంటే, క్యారెట్లు పెట్టి కోళ్లను బలిపించే విద్య నేనే కనిపెట్టాను, ఈ వ్యాపారం నా ఒక్కడికే రాసివ్వండి అని రాజుగారికి అర్జీ పెట్టుకునేవాడట! సబ్బు దగ్గర్నుంచి రకరకాల సరుకుల మీద ఇలాంటి గుత్తలు ఇచ్చి ఖజానా నింపుకుంటున్న రాజు చార్లెస్. జనం వాటితో విసిగిపోయి ఉన్నారు. ఆ మాట నేరుగా అంటే చెవులు కోసే రోజులు. కోడి, క్యారెట్లు పట్టుకొస్తే రాజూ రాణీ సంతోషంగా చూశారు. చెప్పాల్సింది చెప్పేశారు. రాజుగారికి ఎక్కిందా అంటే, ఎక్కలేదు.

మన తంజావూరు కూడా ఇదే కాలం. జేమ్స్ రాజు భార్య, మాస్కులంటే ప్రాణం పెట్టిన రాణి ఆన్, డెన్మార్క్ ఆడపడుచు. ఆమె సొంత తమ్ముడు నాలుగో క్రిస్టియన్ తరఫు మనుషులే 1620లో తంజావూరు రఘునాథ నాయకుడితో ఒప్పందం చేసుకుని తరంగంబాడిలో కోట కట్టారు. అక్కగారి ఊళ్లో మాస్కు నడుస్తున్న కాలంలోనే ఆ తంజావూరు కొలువులో తెలుగు యక్షగానం నడిచింది. రఘునాథుడి కొడుకు విజయరాఘవుడు కన్నతండ్రినే నాయకుణ్ని చేసి రఘునాథాభ్యుదయం రాశాడు. దాన్ని చదివేటప్పుడు కూడా నేను ముందు అడిగేది ఒకటే. రాజుగారి కుర్చీ ఎక్కడ వేశారు? మీరు ఏ కొలువు బొమ్మ చూసినా, ఏ ఆస్థాన కావ్యం తెరిచినా ముందు ఆ కుర్చీ వెతకండి. దొరికిందంటే మిగతా సగం దానంతట అదే తెరుచుకుంటుంది.

చివరి మాస్కు 1640 జనవరిలో. దేశం అప్పటికే రగులుతోంది. స్టేజి మీద తుఫాను, కలహం వచ్చాయి. చార్లెస్ రాజు స్వయంగా వేషం కట్టి, సింహాసనం మీద ఓర్పుగా కూర్చుని కనిపించాడు. ఆయన కనిపించగానే తుఫాను అణిగిపోయింది. స్టేజి మీద అణిగిపోయింది. మూడేళ్లు తిరక్కుండా, 1642లో, రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం మొదలైంది. మాస్కుల కోసం కట్టిన చెక్క హాలును 1645లో పార్లమెంటు కూలగొట్టించింది.

లండన్‌లో ఉన్న మన పిల్లలు వైట్‌హాల్ వైపు వెళ్తే, పాత విందుశాల కాలిపోయాక 1622లో జోన్స్ కట్టిన కొత్త విందుశాల ఇంకా నిలబడే ఉంది. తెరిచి ఉన్న రోజు చూసుకుని వెళ్లండి. తల పైకెత్తితే రూబెన్స్ గీసిన బొమ్మలు. జేమ్స్ రాజు స్వర్గానికి వెళ్తుంటాడు. ఆ కప్పు కింద నుంచే 1649 జనవరి 30న, యుద్ధంలో ఓడిన చార్లెస్‌ని తల నరకడానికి నడిపించుకుని తీసుకెళ్లారు. చలికి వణికితే భయమనుకుంటారని రెండు చొక్కాలు వేసుకున్నాడు. కిటికీ దాటించి, బయట వీధిలో నల్లగుడ్డ కప్పిన మంచె మీదికి ఎక్కించారు. పదిహేడేళ్లప్పుడు కొండ తెరుచుకుంటే వెలుగులోంచి దిగివచ్చిన ఆ కుర్రాడే. ఇక్కడ ఆయన మాట్లాడాడు. చేతిలో చిన్న కాగితం పెట్టుకుని మాట్లాడాడు. కానీ చుట్టూ సైనికులు వరసలు కట్టి నిలబడ్డారు. జనాన్ని దూరంగా నెట్టేశారు. ఆయన ఏమన్నాడో మంచె మీద ఉన్న కొద్దిమందికి తప్ప ఎవరికీ వినపడలేదు.