మట్టి పటంలో రంపం పళ్లు ఎందుకొస్తాయి?

రైతులకు, ట్రాక్టర్ డ్రైవర్లకు నమస్కారం. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి, బాపట్ల వైపు చౌడు, కృష్ణా అవతల ఆయిల్ పామ్ తోటలు. మన నేలలు ఒక్క పొలంలోనే నాలుగు రకాలుగా ఉంటాయి, అందుకే ఎక్కడ ఏ నేలుందో చూపే పటం కావాలి. ట్రాక్టర్ వెనక సెన్సార్‌ని లాగుతూ, రీడింగులు తీసి ఆ పటం గీస్తాం.

ఆటో స్టీరింగ్ పెట్టిస్తే పటం దానంతటదే సరిగ్గా వస్తుందనుకోవద్దు. అది ట్రాక్టర్‌ని గీత మీద నడుపుతుంది, అంతే. రీడింగు ఎక్కడ పడాలో మనం టేపు పట్టి కొలిచి చెప్పాలి.

ఉపగ్రహాల సిగ్నల్ అందుకుని ట్రాక్టర్ ఎక్కడుందో చెప్పే యాంటెన్నా టాపు మీద ఉంటుంది. నేల విద్యుత్ వాహకతను కొలిచే సెన్సార్‌ని వెనకాల చెక్క స్లెడ్డు మీద లాగుతాం, ట్రాక్టర్ ఇనుము దగ్గరుంటే రీడింగు చెడిపోతుంది గనక. రెండింటి మధ్య 4 మీటర్లుందనుకోండి. ఆ దూరం ట్రాక్టర్‌లోని తెర మీద ఎక్కించకపోతే వెళ్లేటప్పుడు పటంలో రీడింగు చుక్క 4 మీటర్లు అటు, తిరిగొచ్చేటప్పుడు 4 మీటర్లు ఇటు పడుతుంది. పక్కపక్క సాళ్ల మధ్య 8 మీటర్ల తేడా! తిన్నగా ఉన్న చౌడు అంచు రంపం పళ్లలా కనిపిస్తుంది. పైగా గంటకు 6 కిలోమీటర్ల వేగంలో సెన్సార్ ఒక్క సెకను ఆలస్యమైతే ఇంకో 1.7 మీటర్లు. పళ్లు కనిపిస్తే నేలని అనుమానించకండి, టేపు తియ్యండి.

ఒరుగుడు సంగతీ చూడండి. నేల నుంచి 2.5 మీటర్ల ఎత్తులో ఉన్న యాంటెన్నా 5 డిగ్రీలు ఒరిగితే 22 సెంటీమీటర్లు పక్కకి జరుగుతుంది. ఆర్‌టీకే (ఉపగ్రహ స్థానాన్ని బేస్ స్టేషన్‌తో సరిదిద్దే పద్ధతి) ఇచ్చే 2, 3 సెంటీమీటర్ల కచ్చితత్వం అక్కడే పోయింది. చదును చోట ట్రాక్టర్ ఆపి ఒరుగుడు సెన్సార్‌ని సరిచెయ్యాలి. తర్వాత వెనక్కి తిప్పి, అవే చక్రాల గుర్తుల మీద నిలిపి మళ్లీ సరిచెయ్యాలి.

ఆయిల్ పామ్‌లో 9 మీటర్ల త్రికోణంలో నాటితే సాళ్ల మధ్య 7.8 మీటర్లు. మట్టలు కలుసుకున్న తోటలో ఉపగ్రహాలు సరిగా అందవు. ఫిక్స్ (సెంటీమీటర్ల కచ్చితత్వం) పోయి ఫ్లోట్‌కి (తక్కువ కచ్చితత్వానికి) వస్తే ట్రాక్టర్ చెట్టు వైపు లాగొచ్చు. అప్పుడు స్టీరింగ్ చేత్తో పట్టుకోవాలి, ఆ చుక్కలు పటంలోంచి తీసెయ్యాలి. అసలు మొక్క పెట్టకముందే పటం తీసుకోవడం అన్నిటికన్నా మేలు. అవే గీతల మీద గుంటలూ తవ్వించుకోవచ్చు.

రేగడి బీటలు వారినప్పుడు కొలవద్దు. వాన పడ్డాక, చక్రం దిగబడనంత ఆరాక, నేలంతా ఒకే తడిలో ఉన్నప్పుడు దిగండి.

రీడింగు ఎక్కువైతే ఉప్పు కావచ్చు, బంకమన్ను కావచ్చు, తడి కావచ్చు. ఏదన్నది సెన్సార్ చెప్పదు. ఎక్కువ, మధ్యస్థం, తక్కువ చోట్ల నుంచి 0-30, 30-60 సెంటీమీటర్ల లోతు మట్టిని వేర్వేరు సంచుల్లో కట్టి, సాలు నంబరు రాసి పరీక్షకి పంపండి.