చెరువు ఒడ్డున గుడారం: లక్నవరం, పాకాల తీరాల్లో రాత్రి బస

గౌరవనీయులైన అధ్యాపకులకు, చలికాలపు శిబిరానికి సిద్ధమవుతున్న విద్యార్థులకు నమస్కారం.

అడవి మధ్యన ఉన్న చెరువు ఒడ్డున గుడారం వేసుకుని రాత్రి గడపడం గురించి మాట్లాడమని మీరు నన్ను అడిగారు. మీరు వెళ్లదలచిన రెండు చెరువులూ నాకు బాగా తెలిసినవే. మొదటిది ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలోని లక్నవరం, రెండోది వరంగల్ జిల్లాలో నర్సంపేట దాటాక ఖానాపురం మండలంలో వచ్చే పాకాల. వేలాడే వంతెన, ద్వీపాలు, పడవలు, పర్యాటకశాఖ కుటీరాలు ఉండడంతో లక్నవరానికి సెలవు రోజుల్లో జనం పోటెత్తుతారు. పాకాలకు అంత హడావుడి లేదు. దాని చుట్టూ ఉన్నది 1952లో ప్రకటించిన వన్యప్రాణి అభయారణ్యం.

విహారానికి వెళ్లేవారికి ఈ రెండూ చల్లని గాలి, పచ్చని గుట్టలు, విశాలమైన నీరు. ఎనిమిది వందల ఏళ్లుగా ఇవి పంటపొలాలకు నీరందిస్తున్న సాగునీటి చెరువులన్న సంగతి మాత్రం చాలామందికి తట్టదు. ఈ విషయం ముందుగా తెలుసుకుంటే, గుడారం ఎక్కడ వేయాలి, నెగడు ఎక్కడ రాజేయాలి, ఎప్పుడు నోరు మూసుకుని కూర్చోవాలి అన్న ప్రశ్నలకు జవాబులు చాలావరకు వాటంతట అవే దొరుకుతాయని నా నమ్మకం. అందుకే చరిత్రతో మొదలుపెడతాను.

పాకాల చెరువును కాకతీయ గణపతిదేవుని పాలనలో, 1213 ప్రాంతంలో, జగదాళ ముమ్మడి కట్టించాడు. అదే కాలంలో, 1213లోనే, గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన ఆలయమే నేటి రామప్ప గుడి. 2021లో అది ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గుడి చూడడానికి వెళ్లినవారు దాని పక్కనున్న రామప్ప చెరువును కూడా అంతే శ్రద్ధగా చూడాలని నేను ఎప్పుడూ కోరుకుంటాను, ఎందుకంటే ఆ కాలపు పాలకులు గుడిని, చెరువును ఒకే ఆలోచనలో భాగాలుగా చూశారు. లక్నవరం కూడా కాకతీయుల కాలానిదే. గుట్టల వరుసలో వాగు దారి చేసుకుని బయటపడే సందును వెతికి పట్టుకోవడం, ఆ సందుకు అడ్డంగా మట్టికట్ట పోయడం, మిగిలిన మూడు వైపులా గుట్టలనే గోడలుగా వాడుకోవడం ఆనాటి పనితనం. పాకాల దిగువన మున్నేరుగా సాగే నీరు ఖమ్మం మీదుగా వెళ్లి కృష్ణలో కలుస్తుంది. అంటే మీరు పాకాల ఒడ్డున పళ్లు తోముకుని ఉమ్మే నురగకు కూడా దిగువన ఎవరో ఒకరు వారసులు.

ఇప్పుడు గుడారం దగ్గరికి వద్దాం. సరస్సు అనగానే మన మనసులో ఒక స్థిరమైన ఒడ్డు కనిపిస్తుంది. సాగునీటి చెరువుకు అలాంటి ఒడ్డు ఉండదు. వానాకాలం చివరికి చెరువు నిండి, మిగులు నీరు పొర్లిపోయే మత్తడి దూకుతుంది. ఆ తరువాత యాసంగి పంటకు తూము తెరిచి నీళ్లు వదిలే కొద్దీ నీటి అంచు రోజురోజుకూ లోపలికి జరిగిపోతుంది. అలా బయటపడిన నేలను శిఖం అంటారు. చదునుగా, మెత్తగా, లేత గడ్డితో, నీళ్లకు నాలుగడుగుల దూరంలో ఉండే ఆ శిఖమే కొత్తగా వచ్చినవారికి గుడారానికి అన్నింటికంటే అనువైన చోటుగా తోస్తుంది. నిజానికి అది అన్నింటికంటే చెడ్డ చోటు. పైన ఎండి పెచ్చులు కట్టిన మట్టి కింద మోకాలి లోతు ఒండ్రు ఉండవచ్చు. గుడారపు మేకులు అందులో నిలవవు. రాత్రి గుట్టల మీదినుంచి దిగే చలిగాలి ఆ పల్లంలోనే నిలుస్తుంది, మంచు అక్కడే ఎక్కువగా కురుస్తుంది. నీళ్లకు వచ్చే దుప్పులు, అడవిపందులు, మేతకు దిగే పశువులు నడిచే దారి కూడా అదే. చైత్రం తరువాత వెళితే, బోసినేల మీద గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టే తీతువు పిట్టల గూళ్లు మీ కాళ్ల కింద ఉంటాయి. అవి గుడ్ల మీద పొదిగి కూర్చున్నా కంటికి ఆనవు.

కాబట్టి చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు ఎక్కడిదాకా వస్తుందో గుర్తుపట్టి, దానికి పైన, బాగా ఎడంగా గుడారం వేయండి. ఆ గీతను కనిపెట్టడం కష్టమేమీ కాదు. బండల మీద నీటి మరక ఒక ఎత్తులో ఆగిపోయి ఉంటుంది. ఎండుపుల్లలు, ఆకుచెత్త, ఖాళీ సీసాలు ఒక వరుసగా ఒడ్డుకు కొట్టుకొచ్చి పడి ఉంటాయి. ఆ వరుసకు కింద గడ్డి, తుమ్మ మొలకలు మాత్రమే కనిపిస్తాయి, పైన టేకు, నల్లమద్ది వంటి అసలైన అడవి మొదలవుతుంది. కట్ట మీద, మత్తడి దారిలో, తూము కాలువ పక్కన మాత్రం ఎప్పుడూ గుడారం వేయకండి. తూము ఎప్పుడు తెరుస్తారో తెలిసినవాడు చెరువు నీళ్లు వదిలే పనివాడైన నీరటి ఒక్కడే. అతను మీ గుడారం చూసి పని ఆపుకోవాల్సిన అవసరం లేదు.

వానాకాలంలో శిబిరమే వద్దని నేను గట్టిగా చెబుతాను. 2023 జూలై చివరి వారంలో, రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే, లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. అదే వానలకు జంపన్నవాగు పొంగి ఏటూరునాగారం మండలంలోని కొండాయి గ్రామంలో ప్రాణాలు తీసింది. ఆ మరుసటి ఏడాది, 2024 ఆగస్టు 31న, తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వీచిన పెనుగాలికి వేల సంఖ్యలో చెట్లు కొద్ది గంటల్లోనే వేళ్లతో సహా నేలకొరిగాయి. లోతులేని నేలలో వేళ్లు పక్కలకే పాకిన మహావృక్షాలు ఎలా పడతాయో ఆ చోటు చూసినవారికి అర్థమవుతుంది. చలికాలంలోనైనా గుడారం వేసేముందు ఒకసారి తల పైకెత్తి చూడండి. ఎండిన పెద్దకొమ్మ, చెదలు పట్టిన మాను, పక్కకు ఒరిగిన చెట్టు కనిపిస్తే అక్కడినుంచి కదలండి. నవంబరు నుంచి జనవరి దాకా వెళ్లడానికి మంచి కాలం.

పాముల గురించి భయపెట్టకుండా, దాపరికం లేకుండా మాట్లాడాలి. నేల మీద పడుకునేవారు అన్నింటికంటే ముందు తెలుసుకోవలసినది కట్లపాము గురించి. అది పగలు కనిపించదు, రాత్రి తిరుగుతుంది, వెచ్చదనం కోసమో ఎలుకల కోసమో పక్కల్లోకి చేరుతుంది. దాని కాటు దాదాపుగా నొప్పి పుట్టించదు. వాపు ఉండదు, కొన్నిసార్లు కాటు గుర్తు కూడా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచినవారికి కాసేపటికి కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగుడు పడకపోవడం మొదలైతే అది నిన్న తిన్న తిండి వల్ల అనుకుని సోడా తాగించి కూర్చోబెట్టకూడదు. ఆ మనిషిని నడిపించకుండా, కోయడం, పీల్చడం, గట్టిగా తాడు కట్టడం లాంటివి చేయకుండా, 108కు ఫోన్ చేసి, విరుగుడు మందు, ఊపిరి అందించే ఏర్పాటు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి వెంటనే చేర్చాలి. అడవిలో ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా అందదు కాబట్టి ఏ మలుపు దగ్గర అందుతుందో పగలే చూసి పెట్టుకోవాలి. అసలు కాటు దాకా రాకుండా చేసుకునే ఉపాయం చాలా చిన్నది. అడుగున గుడ్డ కుట్టి ఉన్న గుడారమే వాడాలి, మీరు లోపల ఉన్నా బయట ఉన్నా దాని జిప్పు ఎల్లప్పుడూ మూసే ఉంచాలి, రాత్రి కాలు కింద పెట్టేముందు టార్చి వేయాలి, బూట్లు దులిపి తొడుక్కోవాలి. మేము ఆరుబయట నులకమంచాల మీద పడుకుని పెరిగినవాళ్లం. మంచం నేలకు మూరెడు ఎత్తున ఉండడం ఎంత తెలివైన ఏర్పాటో ఇలాంటి అడవిలో తెలుస్తుంది.

నీళ్లలోకి దిగవద్దు. పాకాలలో మొసళ్లున్నాయి. మొసలి లేని చోట కూడా నీటి కింద పాత మోళ్లు, నాచుతీగలు ఉంటాయి. ఈత వచ్చినవారినే అవి పట్టేస్తాయి. గిన్నెలు, చేతులు కడుక్కోవడానికి నీళ్లు బకెట్టులో పట్టుకుని దూరం తీసుకెళ్లండి. మలవిసర్జనకు మరుగుదొడ్డి ఉంటే దాన్నే వాడండి, లేకపోతే నీటి అంచుకు కనీసం 60 మీటర్ల దూరాన జానెడు లోతు గుంట తవ్వి, తరువాత మట్టితో పూడ్చండి. తిండి గురించి చెప్పడానికి ఎక్కువేమీ లేదు: ఇంటినుంచి పులిహోర, సద్దరొట్టెలు తెచ్చుకుంటే మొదటి రాత్రి పొయ్యి అవసరమే రాదు. గుడారం లోపల మాత్రం తినే వస్తువేదీ ఉంచకండి. పగలు కోతులు, రాత్రి అడవిపందులు, ఎలుగుబంట్లు ఆ వాసనకు వస్తాయి.

నిప్పు సంగతి నాకు మరింత ముఖ్యం. ఇది ఆకు రాల్చే అడవి. టేకు, ఇప్ప, తునికి, నల్లమద్ది చెట్ల కింద మాఘం నాటికి ఆకులు చీలమండ లోతున పరచుకుని, కాలు వేస్తే అప్పడాల్లా విరుగుతాయి. అక్కడ ఎగిరిన ఒక్క నిప్పురవ్వ గుట్ట మొత్తం తిరిగి రాగలదు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఆకును కాల్చే అలవాటు వల్ల, తునికాకు సీజనులో పెట్టే మంటల వల్ల ఇక్కడ అగ్గి పుడుతుందని అందరూ గిరిజనులనే వేలెత్తి చూపుతారు. వాళ్లకు ఆ అడవి బతుకుతెరువు. సరదా కోసం నెగడు వేసి ఆర్పకుండా వెళ్లిపోయే మనకు అలాంటి కారణం కూడా లేదు. అభయారణ్యంలో అనుమతి లేకుండా ప్రవేశించడం, నిప్పు పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరాలు. అందుచేత గుడారాల కోసం అధికారులు కేటాయించిన చోటనే ఉండండి, వారు చూపించిన చోటనే నెగడు వేయండి, కట్టెలు వారు ఇచ్చినవే వాడండి. పడిపోయిన మాను ఏరుకుంటే తప్పేమిటని మీరు అడగవచ్చు. ఆ మాను కింద తేళ్లు, జెర్రులు, కప్పలు, చెదలు ఉంటాయి, ఆ చెదల కోసం ఎలుగు వస్తుంది. నెగడు ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, పుల్లతో కలిపి, మళ్లీ పోసి, చివరికి బూడిద మీద వెనుకచేయి ఆనించి చూడండి. వేడి తగిలితే పని పూర్తి కాలేదన్నమాట.

శబ్దం గురించి ఒక్క మాట. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు చెబుతున్నాయి, కానీ అడవిలో నేను అడిగేది అంతకంటే ఎక్కువ. స్పీకరు తేనే వద్దు. నీటి మీద శబ్దం చాలా దూరం పోతుంది, మీ పాట అవతలి ఒడ్డున నీళ్లకు దిగబోతున్న దుప్పిని వెనక్కి తరిమేస్తుంది. దీపాలార్పి అరగంట కూర్చుంటే కళ్లు చీకటికి అలవాటు పడతాయి. డిసెంబరులో అప్పుడు తూర్పు ఆకాశంలో పిల్లలకోడి అని మన పల్లెల్లో పిలిచే కృత్తికలు, దాని వెనుక రోహిణి, ఆ వెనుక మృగశిర వరుసగా పైకి వస్తాయి. చెవులు కూడా అలాగే పదునెక్కుతాయి. కొండముచ్చు ఉన్నట్టుండి దగ్గినట్టు అరిస్తే, వెంటనే దుప్పి కీచుమని పిలిస్తే, చిరుత ఎటువైపు నడుస్తోందో ఆ రెండు కేకలు చెబుతాయి. ఇంత గొప్ప సమాచారం స్పీకరు మోతలో పోగొట్టుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

గుడారాల బస పట్నపు పిల్లల కొత్త సరదా అని కొందరు పెద్దలు అంటుంటారు. లక్నవరానికి దగ్గరలోనే ఉన్న మేడారంలో రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క, సారలమ్మల జాతర జరిగినప్పుడు లక్షల కుటుంబాలు జంపన్నవాగు చుట్టూ అడవిలోనే దిగుతాయి. నాలుగు గుంజలు పాతి, చీరలూ దుప్పట్లూ కట్టి, మూడు రాళ్ల పొయ్యి మీద వండుకుని, ఎడ్లబండి కింద పిల్లల్ని పడుకోబెట్టుకుని రాత్రులు గడుపుతాయి. ఈ విద్య మన తాతముత్తాతలకు వచ్చినదే. మీ శిబిరంలో సాయం కోసం స్థానిక కోయ యువకులను కూలి ఇచ్చి వెంట పెట్టుకుంటే ఏ చెట్టు కింద పడుకోవచ్చో వాళ్లు చూసీచూడగానే చెబుతారు. తెల్లవారకముందే వలలు తీయడానికి వచ్చే జాలరులను పలకరించండి, కానీ వాళ్ల వలలను, తెప్పలను ముట్టుకోకండి. ఆ ఒక్క పూట చేపల మీద వాళ్ల ఇల్లు నడుస్తుంది.

శిబిరం తేదీలు ఖరారు చేసేముందు అధ్యాపకులు మూడు పనులు చేయాలని నా మనవి. అటవీశాఖ రేంజి కార్యాలయానికి వెళ్లి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. యాసంగికి నీళ్లు ఎప్పుడు వదులుతారో నీటిపారుదల శాఖ వారిని అడగాలి. పాముకాటు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రికి శిబిరం నుంచి ఎంతసేపు పడుతుందో ఒకసారి బండి మీద స్వయంగా వెళ్లి చూసుకోవాలి. అనుమతి రాకపోతే శిబిరం వాయిదా వేయండి, చెరువు ఎక్కడికీ పోదు. విద్యార్థులు అడగదలచుకున్నవి ఇప్పుడు అడగండి, గుడారాలు తెచ్చుకున్నవారు విప్పి చూపిస్తే వాటి జిప్పులు, అడుగు కుట్లు ఇక్కడే కలిసి పరిశీలిద్దాం.