క్వాలిటీ ఇంజినీర్ అంటే తాలుకాయలు ఏరేవాడు కాదండీ!

నమస్తే అండీ. "క్వాలిటీలోనా? అంటే పార్టు బాగుందో లేదో చూసి పక్కన పడేస్తావ్, అంతేగా?" గుంటూరులో ఏ పెళ్లికెళ్లినా ఇదే మాట. అంతే కాదు బాబాయ్! అది తేల్చడానికే ఈ వీడియో.

[తెర మీద: మిర్చి యార్డు]

టిక్కీ, అంటే మిర్చి బస్తా విప్పి మంచి ఎర్రకాయ ఒకపక్క, రంగు పోయిన తాలుకాయ ఒకపక్క ఏరుతున్నారనుకోండి. అది ఇన్‌స్పెక్షన్. అవసరమే. కానీ పొద్దుగూకేదాకా ఏరినా, రేపొచ్చే టిక్కీలో తాలు తగ్గుతుందా? తాలు యార్డులో పుట్టలేదుగా! తోటలో తెగులు తగిలో, కళ్లంలో వానకి తడిసో వచ్చింది. ఆ కళ్లం దాకా వెళ్లి, పట్టా ఎప్పుడు కప్పాలి, ఎవరు కప్పాలి, కప్పకపోతే ఎలా తెలుస్తుంది, ఇవన్నీ ఖరారు చేసేవాడు క్వాలిటీ సిస్టమ్స్ ఇంజినీర్.

ఇప్పుడు చక్రం నట్టు చూద్దాం. మన ఆటోనగర్ మేస్త్రీ బిగింపు సరిపోయిందో లేదో చేతి పట్టుతోనే చెప్పేస్తాడు. ఆ చేతికి దణ్ణం. మరి ఆయన రాని రోజు? అందుకే ఫ్యాక్టరీలో కంట్రోల్ ప్లాన్ ఉంటుంది: ఎంత టార్కు, ఏ రెంచి, ఎన్ని బళ్లకోసారి చూడాలి, తేడా వస్తే ఏం చేయాలి. ఆ చివరిది రియాక్షన్ ప్లాన్. చాలామంది అక్కడ "సూపర్‌వైజర్‌కి చెప్పాలి" అని రాసి ఊరుకుంటారు. ఒళ్లు మండుద్ది నాకు. చెప్పాక? లైను ఆపాలా? కిందటి చెకింగ్ తర్వాత దాటిపోయిన బళ్ల సంగతేంటి?

దీనికి ముందు ఎఫ్‌ఎంఈఏ, అంటే ఏది ఎలా చెడొచ్చో ముందే ఊహించి రాసుకోవడం. ముప్పు ఎంత, ఎంత తరచుగా రావొచ్చు, వస్తే మనకి దొరక్కుండా తప్పించుకుంటుందా, ఒక్కోదానికి 1 నుంచి 10 మార్కులు. పాత పద్ధతిలో మూడూ గుణించేవాళ్లు. నట్టు వదులైతే 10, 2, 7 అనుకోండి: 140. పెయింటు మీద గీతకి 4, 7, 7: 196. గీతే పెద్ద గండమన్నమాట! అందుకే 2019లో అమెరికా, జర్మనీ ఆటో పరిశ్రమ సంఘాలు ఏఐఏజీ, వీడీఏ కలిసి తెచ్చిన హ్యాండ్‌బుక్‌లో ఆ గుణకారం తీసేసి, ముప్పుకి పెద్దపీట వేస్తూ యాక్షన్ ప్రయారిటీ, అంటే ఏది ముందు సరిచేయాలో చెప్పే వరస పెట్టారు.

మళ్లీ యార్డుకి రండి. కాయ గలగలమందని ఒక వ్యాపారి "ఆరింది" అంటాడు, పక్కాయన "తేమ ఉంది" అంటాడు. కాయ అదే! ఇది తేల్చేది ఎంఎస్‌ఏ, అంటే మన కొలతనే పరీక్షించడం. మామూలుగా 10 ముక్కలు, ముగ్గురు మనుషులు, తలా రెండు మూడుసార్లు కొలుస్తారు. మొత్తం తేడాలో కొలత వల్ల వచ్చేది 10 శాతం లోపైతే భేషు, 30 దాటితే ఆ కొలత నమ్మొద్దు.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తా. ఎస్‌పీసీ అంటే హద్దు దాటకముందే గ్రాఫులో తేడా పసిగట్టడం. పీపీఏపీ అంటే సప్లయర్ తన తయారీకి రుజువులతో ఇచ్చే ఫైలు, 18 అంశాలు. వీటన్నిటి వెనకున్న ఆటో పరిశ్రమ క్వాలిటీ ప్రమాణం ఐఏటీఎఫ్ 16949, 2016లో వచ్చింది. ఆడిట్ ముందు రాత్రి కూర్చుని రికార్డులు నింపేవాళ్లూ ఉన్నారు. పట్టా కప్పకుండానే కప్పినట్టు రాసుకోవడం!

మెకానికల్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు 2025లో మొదలైంది, పెనుకొండలో కియా ఉంది. ఇంటర్వ్యూకి నిర్వచనాలు బట్టీ పట్టకండి. ఏదో ఒక పార్టు తీసుకుని, ఎఫ్‌ఎంఈఏలో మీరు రాసిన ముప్పు కంట్రోల్ ప్లాన్‌లో ఏ వరసలో ఉందో వేలుపెట్టి చూపించండి. సమస్య మూలం పట్టి సరిచేసే 8డీ పద్ధతి వచ్చే వీడియోలో.